నాలుగు సెంటీమీటర్లు

ఆ ఫొటో నా బల్ల మీదికి వచ్చేసరికి
రాత్రి పదకొండు దాటి ఇరవై నిమిషాలు.
రోటర్‌డామ్ దక్షిణపు ఒడ్డున, బుధవారం సంతలో
గ్యాసు సిలిండరు పేలింది.
చేపల కొట్టుకీ దుప్పట్ల కొట్టుకీ మధ్య పొగ.
పొగలోంచి ఒక మనిషి పరిగెత్తుకొస్తున్నాడు,
నోరు తెరుచుకుని, ఒక చెయ్యి ముందుకు చాచి.

పేజీలో మిగిలింది రెండు కాలమ్‌ల చోటు.
ఫొటో వెడల్పు ఎక్కువ.
కుడివైపు నాలుగు సెంటీమీటర్లు కోసేశాను.
పదకొండేళ్ళుగా చేస్తున్న పని,
గోళ్ళు తీసుకున్నంత తేలిక.

కింద యోరిట్ వాక్యం కట్టాడు:
"పేలుడు చోటు నుంచి పారిపోతున్న
వలస నేపథ్యం గల వ్యక్తి."
చేపలమ్మే ఆవిడ నేపథ్యం ఎవరూ అడగలేదు.
ఆవిడ ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చింది.
ఆవిడదీ వలసే, కాకపోతే రైల్లో.

తప్పులు దిద్దే మార్లూస్ రెండుసార్లు చదివింది.
కామాలు పడాల్సిన చోటే పడ్డాయి,
వీధి పేరు సరిపోయింది,
ఒక్క అచ్చుతప్పు లేదు.
యంత్రం తిరిగింది.

తెల్లారి ఏడింటికి
ఓడల మరమ్మతు షెడ్డులో అతన్ని
కొన్నాళ్ళు రావద్దన్నారు.
ఎవరూ ఏమీ అనలేదు.
మెట్ల మీద ఎదురైనవాళ్ళు మాత్రం
నిప్పు లేనిదే పొగ రాదు కదా అని
గోడకు చెప్పినట్టు చెప్పుకున్నారు.
నిజమే, అక్కడ నిప్పూ ఉంది, పొగా ఉంది.
అతను దాన్లోకి వెళ్ళి వచ్చాడన్న సంగతే
నా కత్తెర దగ్గర ఆగిపోయింది.

సోమవారం ఆఫీసుకొచ్చాడు.
పేరు అడిల్సన్ మొంతేయ్‌రు.
వాళ్ళ నాన్న కేప్‌వెర్డ్ దీవుల నుంచి
ఓడ ఇంజను గదిలో చెమటోడుస్తూ వచ్చాడు.
ఇతను పుట్టింది మా ప్రెస్సుకి
మూడు ట్రామ్ స్టాపుల అవతల ఆసుపత్రిలో.
అరవలేదు. వకీలును తేలేదు.
మడత విప్పి పేపరు పరిచి
ఫొటో కుడి అంచు మీద వేలు పెట్టి
"పాపేది?" అన్నాడు.

మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"నా ఈ చేతిలో పాప ఉండాలి.
ఎక్కడ పెట్టారు?"

అసలు ఫొటో తెరిచాను.
అతని ఎడమ చంకలో
దుప్పట్లమ్మే నెవిన్ కూతురు, మూడేళ్ళది.
ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు.
ముందుకు చాచిన ఆ చెయ్యి
తప్పుకోండి, దారివ్వండి అంటోంది.

పదిహేడో పేజీలో సవరణ వేద్దామన్నాడు సంపాదకుడు,
పరుపుల ప్రకటన కింద, నాలుగు లైన్లు.
నడివీధిలో చెంప పగలగొట్టి
పెరట్లో కాళ్ళు పట్టుకుంటామా, అన్నాను.
నేనేమీ ధర్మరాజును కాను,
నిద్ర పట్టక అన్నాను.
బేరమాడితే మూడో పేజీ దాకా వచ్చాడు.
పూర్తి ఫొటో. పూర్తి పేరు.
ఆ పేరెలా పలకాలో అతన్నే అడిగాం.
యోరిట్ మూడుసార్లు పలికాడు,
రెండుసార్లు తప్పుగా.

పనిలోకి మళ్ళీ తీసుకున్నారు.
పోయిన నాలుగు రోజుల జీతం ఇవ్వలేదు,
అది ఏ పేజీలోనూ రాలేదు.
వాళ్ళమ్మ ఆ ఫొటోను కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించిందట,
అంచు వెంట వెంట్రుకంత కూడా పోకుండా.
అతను మా పేపరు కొనడం మానేశాడు.
క్షమించానని ఎక్కడా అనలేదు,
మేమూ అడగలేదు.

ఇప్పటికీ కోస్తూనే ఉంటాను.
పేజీకి కొలత ఉంది, రాత్రికి గడువుంది.
కాకపోతే కోసే ముందు అంచు మీద వేలు పెట్టి
పైకే అనేస్తాను, "పాపేది?" అని.
అలవాటైపోయి ఎవరూ తలెత్తరు.

నిన్న రాత్రి కొత్తగా చేరిన అమ్మాయి, సురినామీల పిల్ల,
తలెత్తింది.
"ఏ పాప?"

కుర్చీ ఇటు లాక్కోమన్నాను.